వెన్నుకు సూదా, కత్తా?

(విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో వెన్నెముక శస్త్రవైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసుకున్నాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

పెద్దలందరికీ నమస్కారం.

మీ కార్యదర్శిగారు నన్ను ఫోనులో పిలిచినప్పుడు అన్న మాట ఇది: "డాక్టరుగారూ, మా వాళ్లలో సగం మందికి నడుము నొప్పే. కొందరికి వెన్నులో ఇంజెక్షన్ అంటున్నారు, కొందరికి ఆపరేషన్ అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచిదో వచ్చి చెప్పండి." చెప్పడానికే వచ్చాను. అయితే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పే వైద్యుడు మీకు తారసపడితే, ఆయన సూది వేసేవారైనా సరే, నాలాగా కత్తి పట్టేవారైనా సరే, కొంచెం అనుమానించండి. ఎందుకంటే ప్రశ్నలోనే ఒక ముఖ్యమైన సంగతి లోపించింది. ఏ జబ్బుకు? ఏ జబ్బుకు ఏది మంచిది అని అడగాలి. నడుము అరుగుదల అనే ఒక్క పేరు కింద కనీసం మూడు వేరువేరు జబ్బులను మనం కలిపేస్తున్నాం. వాటిలో ఒకదానికి ఇంజెక్షన్‌తో నిజంగా పని ఉంది. రెండోదానిలో దాని బలం చాలా తక్కువ. మూడోదానిలో ఇంజెక్షనూ అంతంతమాత్రమే, ఆపరేషనూ అంతంతమాత్రమే.

నేను శస్త్రవైద్యుణ్ణి, ఆపరేషన్లు ఉంటేనే నాకు పని. కనుక నా అభిప్రాయాలను ఆ ఎరుకతోనే వినండి. అంకెలు మాత్రం నావి కావు, నలుగురూ పరీక్షించిన అధ్యయనాలవి.

మొదట ఇంజెక్షన్ అంటే ఏ ఇంజెక్షనో తేల్చుకుందాం. నడుము పట్టేసినప్పుడు ఊళ్లో ఆర్.ఎం.పి. గారు పిరుదు మీద వేసే సూది ఉంది చూశారూ, అది నొప్పి మాత్రనే సూది రూపంలో ఇవ్వడం. కండలోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరుగుతుంది. అది ఈ రోజు మన విషయం కాదు. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ మరొకటి. ఇరవై ఏళ్ల కిందటి ఆ మత్తు సూది వల్లనే ఇప్పటికీ నడుము నొప్పి అనే అమ్మలు ఈ సభలోనూ ఉండే ఉంటారు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదమ్మా, ఆ నింద దాని మీద వేయకండి. మనం మాట్లాడుకోబోయేది ఎపిడ్యూరల్ స్టిరాయిడ్ ఇంజెక్షన్ గురించి. నరాలు ఉండే సంచికి బయట, ఎముకకు లోపల, సన్నని ఖాళీ ఒకటి ఉంటుంది. ఆ ఖాళీలోకి, నలుగుతున్న నరం పక్కకు, స్టిరాయిడ్ మందును చేర్చడమే ఈ చికిత్స.

ఇది కొత్తదేమీ కాదు. 1901లోనే పారిస్‌లో సికార్, కాథెలిన్ అనే ఇద్దరు వైద్యులు, ఎవరికి వారుగా, తోక ఎముక దగ్గరి రంధ్రం గుండా ఈ ఖాళీలోకి కొకైన్ ఎక్కించారు. 1950ల మొదట్లో ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ స్టిరాయిడ్ ఎక్కించడం మొదలైంది. ఈ మధ్యలో, 1934లో, డిస్క్ చిట్లి నరాన్ని నొక్కడం వల్లనే కాలి నొప్పి వస్తుందని అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్‌టర్, బార్ అనే వైద్యులు రాసి, ఆపరేషన్‌కు దారి వేశారు. అంటే సూదీ, కత్తీ రెండూ మన తాతల నాటివే. ఇంత కాలం గడిచినా ఈ రెండింటినీ నేరుగా ఎదురెదురుగా నిలబెట్టి పోల్చిన మంచి అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయంటే ఆశ్చర్యం కాదా?

ఇంజెక్షన్ ఎలా ఇస్తారో చూడనివారి కోసం చెబుతాను. బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెడతారు. పైన సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం ఉంటుంది. చర్మానికి మత్తు ఇచ్చి, సన్నని పొడవాటి సూదిని, తెర మీద చూసుకుంటూ, నరం వెన్నులోంచి బయటికి వచ్చే సందు వైపు మెల్లగా నడుపుతారు. అక్కడికి చేరగానే మందు ఎక్కించరు. ముందు కొద్దిగా రంగు మందు ఎక్కిస్తారు. అది నరం వెంట సన్నని గీతలా పాకుతూ తెర మీద నిలవాలి. నిలవకుండా క్షణంలో కొట్టుకుపోయిందంటే సూది మొన రక్తనాళంలో ఉందన్నమాట. అప్పుడు దాన్ని వెనక్కి తీసి చోటు మార్చాలి. సరైన చోట మందు ఎక్కుతున్నప్పుడు చాలామంది, "అదేనండీ, అదే నొప్పి, పిక్క దాకా లాగుతోంది" అంటారు. ఆ మాట కోసమే మేము చెవి ఒగ్గి ఉంటాం. మొత్తం పావుగంట పని, సాయంత్రానికి ఇల్లు. తెర లేకుండా, రంగు మందు లేకుండా, చేతి అంచనాతో ఇచ్చే ఇంజెక్షన్లను మాత్రం నేను ఈ లెక్కలో కలపడం లేదు.

ఇక మొదటి జబ్బు, డిస్క్ జారడం. నడుములో 5 వెన్నుపూసలు, వాటి మధ్య డిస్కులు. డిస్క్ చుట్టూ గట్టి పీచు, లోపల గుజ్జు. వయసుతో గుజ్జులో నీరు తగ్గి, పీచు బీటలు వారి, ఒకనాడు గుజ్జు బయటికి తోసుకొస్తుంది. చాలా మటుకు ఇది నడుము అడుగున ఉన్న రెండు డిస్కుల్లోనే, అంటే మీ రిపోర్టుల్లో ఎల్4-ఎల్5 అనీ ఎల్5-ఎస్1 అనీ రాసి ఉంటుందే, అక్కడే జరుగుతుంది. ఆ చోటి నరాలు పిక్కకు, పాదానికి వెళ్తాయి. అందుకే జబ్బు నడుములో ఉన్నా నొప్పి కాలిలో ఉంటుంది.

నరం నొప్పి పెట్టేది ఒత్తిడి వల్ల మాత్రమే కాదు. బయటికొచ్చిన గుజ్జులోని రసాయనాలు నరాన్ని వాచిపోయేలా చేస్తాయి. స్టిరాయిడ్ చేసే పని ఆ వాపును తగ్గించడం. జారిన ముక్కను అది కరిగించదు, వెనక్కి తోయదు. ఇంజెక్షన్‌తో డిస్క్ లోపలికి పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి ఆ ముక్క ఏమవుతుంది? మన ఒళ్లే దాన్ని తినేస్తుంది. రక్షక కణాలు వచ్చి, కొద్ది కొద్దిగా కొరుక్కుంటూ నెలల్లో కరిగించేస్తాయి. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, డిస్క్ కొంచెం ఉబ్బి ఊరుకున్నవారిలో 13 శాతం మందికే అది తగ్గింది. ఉబ్బు కాస్త ముందుకు పొడుచుకొచ్చినవారిలో 41 శాతం, గుజ్జు పీచును చీల్చుకుని బయటికి వచ్చినవారిలో 70 శాతం, ముక్క పూర్తిగా తెగిపడినవారిలో 96 శాతం మందికి అది తగ్గింది. ఇందులో తమాషా గమనించారా? ఎంత పెద్దగా తెగి బయటపడితే అంత బాగా కరుగుతుంది! రిపోర్టు చదివి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయే కేసే ఒక్కోసారి కత్తి లేకుండా నయమయ్యే కేసు. కాకపోతే అది కరిగే వరకు ఆ నొప్పి ఎవరు భరిస్తారు? రాత్రి నిద్ర లేదు, కూర్చుంటే నొప్పి, తుమ్మితే నొప్పి. ఆ నెలలు గడవడానికి గడువు ఇప్పించడమే ఇంజెక్షన్ పని. గడువు ఇప్పించడం మాత్రమే.

ఈ గడువు ఎంతవరకు పనికొస్తుంది? 2000లో అమెరికాలో ఒక చక్కని పరిశీలన జరిగింది. ఆపరేషన్ అవసరమని తేలి, దానికి సిద్ధమైన 55 మందికి ముందు నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. 28 మందికి మత్తు మందుతో పాటు స్టిరాయిడ్, 27 మందికి వట్టి మత్తు మందు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. ఏడాది పైచిలుకు గడిచాక చూస్తే, స్టిరాయిడ్ పొందిన 28 మందిలో 20 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు. వట్టి మత్తు మందు పొందిన 27 మందిలో 9 మంది వద్దనుకున్నారు. ఆ 9 మందిని కూడా తీసిపారేయకండి. ఆపరేషన్ బల్ల దాకా వెళ్లినవారిలో మూడో వంతు మంది స్టిరాయిడ్ లేకుండానే ఆగగలిగారు!

నేరుగా పోల్చిన అధ్యయనాల్లో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది బ్రిటన్‌లో జరిగిన నెర్వ్స్ పరిశీలన. 2021లో ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వ వైద్యవ్యవస్థకు చెందిన 11 కేంద్రాల్లో, 6 వారాల నుంచి 12 నెలలుగా కాలి నొప్పితో ఉన్న 163 మందిని చీటీలు వేసినట్టుగా రెండు వర్గాలు చేశారు. 83 మందికి సూక్ష్మదర్శినితో చేసే డిస్క్ ఆపరేషన్, 80 మందికి ఇంజెక్షన్. 18 వారాల తర్వాత, రోజువారీ పనులకు ఎంత ఇబ్బంది ఉందో కొలిచే నూరు మార్కుల పట్టికలో చూస్తే, ఆపరేషన్ వర్గంలో ఇబ్బంది సుమారు 26.7 మార్కులు తగ్గింది. ఇంజెక్షన్ వర్గంలో సుమారు 24.5 మార్కులు తగ్గింది. తేడా లెక్కలోకి వచ్చేది కాదు. తీవ్రమైన దుష్ఫలితాలు ఆపరేషన్ వల్ల నలుగురికి వచ్చాయి. ఇంజెక్షన్ వల్ల ఎవరికీ రాలేదు. ఖర్చు లెక్కలోనూ ఇంజెక్షన్‌దే పైచేయి.

ఇంకేం, సూదే గెలిచింది కదా అంటారా? ఆగండి. ఇక్కడ మీకో ప్రశ్న రావాలి. ఆ పరిశీలనలో ఏమీ చేయకుండా ఊరికే కనిపెట్టుకుని ఉన్న మూడో వర్గం ఉందా? లేదు. డిస్క్ తనంతట తాను కరుగుతుందని ఇప్పుడే చెప్పుకున్నాం. మరి ఆ 24 మార్కుల్లో సూది వాటా ఎంత, కాలం వాటా ఎంత? ఉప్పునీటి ఇంజెక్షన్‌తోనూ ఇతర ఉత్తుత్తి చికిత్సలతోనూ స్టిరాయిడ్‌ను పోల్చిన 25 పరిశీలనలను, వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థవారు 2020లో కలిపి చూస్తే, మొదటి కొద్ది వారాల్లో కాలి నొప్పిలో స్టిరాయిడ్ వల్ల వచ్చిన అదనపు మేలు నూటికి 5 మార్కులు. 5 మార్కులంటే రోగికి తెలిసీ తెలియనంత. అయితే సగటు సంగతి మీకు తెలిసిందే. ఒకరికి ముప్పై మార్కుల మేలు జరిగి, అయిదుగురికి ఏమీ జరగకపోయినా సగటు అయిదే. కొద్దిమందికి ఇది బాగా పనిచేస్తుందనీ, వాళ్లెవరో ముందుగా గుర్తించడం మాకు ఇంకా చేతకాలేదనీ నా అభిప్రాయం.

ఇక ఆపరేషన్ వైపు చూద్దాం. వీపు మీద అంగుళం పాటి కోత. సూక్ష్మదర్శిని కింద, రెండు పూసలను కలిపి ఉంచే పసుపుపచ్చని పట్టీని, అంటే లిగమెంటును తెరిచి, నరాన్ని సుతారంగా పక్కకు జరిపి, దాని కింద ఇరుక్కున్న ముక్కను బయటికి తీస్తాం. ఉడికిన రొయ్య ముక్కలా తెల్లగా, పీచుపీచుగా ఉంటుంది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న నరం ఒక్కసారిగా వదులవుతుంది. మత్తు దిగగానే కాలి నొప్పి పోయిందని చెప్పేవారే ఎక్కువ. ఇక్కడ ఆపరేషన్‌కు సాటి లేదు. వేగంలో సాటి లేదు.

కానీ వేగం ఒకటి, చివరి ఫలితం ఒకటి. నెదర్లాండ్స్‌లో, ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన కాలి నొప్పితో ఉన్న 283 మంది మీద జరిగిన పరిశీలన 2007లో వెలువడింది. ఒక వర్గానికి వెంటనే ఆపరేషన్ చేశారు. రెండో వర్గాన్ని మందులతో ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టమన్నవారిలో 39 శాతం మంది పట్టలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే మిగిలిన 61 శాతం మందికి అవసరమే రాలేదు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నట్టే చెప్పారు. ఆపరేషన్ వర్గం ముందే గట్టెక్కింది, అంతే.

అలాగని ఎన్నాళ్లయినా ఓపిక పట్టవచ్చా? పట్టకూడదు. 2020లో వచ్చిన కెనడా పరిశీలన ఈ మాట గట్టిగా చెబుతోంది. అందులో చేరినవారు నాలుగు నుంచి పన్నెండు నెలలుగా కాలి నొప్పితో ఉన్నవారు, 128 మంది. సగం మందికి ఆపరేషన్. మిగతా సగానికి వ్యాయామం, మందులు, ఇంజెక్షన్‌తో సహా ఆపరేషన్ కాని చికిత్స. ఆరు నెలలకు కాలి నొప్పి పదికి ఆపరేషన్ వర్గంలో 2.8, రెండో వర్గంలో 5.2. ఇది చిన్న తేడా కాదు. తొలి వారాల్లో కాలం మన పక్షాన ఉంటుంది; నాలుగైదు నెలలు దాటినా కాలి నొప్పి లొంగకపోతే అది పక్షం మారుస్తుంది. నాకు కోపం తెప్పించేది ఇక్కడే. మొదటి ఇంజెక్షన్‌కు రవ్వంత గుణం కనబడకపోయినా, "మూడు ఇంజెక్షన్ల కోర్సు" అని పేరు పెట్టి, నెలకొకటి చొప్పున వేసుకుంటూ పోవడం. ఆ మూడు అనే అంకెకు ఆధారం ఏమీ లేదు. మొదటిది పనిచేస్తే, నొప్పి తిరగబెట్టినప్పుడు రెండోది ఆలోచించవచ్చు. మొదటిది ఏ మాత్రం పనిచేయకపోతే మూడోది ఎందుకు పనిచేస్తుంది?

రెండో జబ్బుకు వద్దాం. ఈ సభలో తల నెరిసినవారికి ఇదే ఎక్కువ. వెన్ను నాళం ఇరుకు కావడం, స్టెనోసిస్ అంటారు. డిస్క్ ఉబ్బి, వెనక కీళ్లు పెరిగి, లిగమెంటు దళసరెక్కి, మూడు వైపుల నుంచీ నరాలను బిగిస్తాయి. వీరికి కూర్చుంటే హాయి. నడిస్తే కాళ్లు బరువెక్కి, తిమ్మిరెక్కి, ఏ అరుగో కల్వర్టు గోడో వెతుక్కుని కూర్చోవాల్సి వస్తుంది. రెండు నిమిషాలు కూర్చుంటే మళ్లీ నడవగలరు. ముందుకు వంగితే నాళం కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే ఇరుకవుతుంది. అందుకే సైకిల్ తొక్కగలరు కాని నడవలేరు. అలిపిరి మెట్లు వంగి ఎక్కేసినవారు దిగేటప్పుడు కూలబడిపోతారు. కాళ్లకు రక్తప్రసారం తగ్గినవారిలో దీనికి సరిగ్గా విరుద్ధం. వారికి ఎక్కడమే కష్టం. ఈ ఒక్క ప్రశ్నతో సగం రోగనిర్ణయం అయిపోతుంది.

ఇక్కడ స్టిరాయిడ్ ఏం చేయగలదు? ఎముక కరగదు. దళసరెక్కిన లిగమెంటు కరగదు. అమెరికాలో 400 మంది స్టెనోసిస్ రోగులకు సగం మందికి మత్తు మందు, స్టిరాయిడ్ కలిపీ, సగం మందికి వట్టి మత్తు మందూ ఎపిడ్యూరల్ ఖాళీలోకి ఇచ్చారు. 2014లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆరు వారాలకు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను ఈ రోగులకు ఇంజెక్షన్ అసలే వద్దనను. కూతురి పెళ్లి నెల రోజుల్లో ఉంది, అప్పటిదాకా నిలబడగలిగితే చాలు అనేవారికీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో మత్తుకు తట్టుకోలేనివారికీ ఒకసారి ఇచ్చి చూడటంలో అర్థం ఉంది. కాని దాంతో ఇరుకు పోతుందని మాత్రం ఆశ పెట్టను.

మరి ఆపరేషన్ తప్పదా? అలా కూడా కాదు. అమెరికాలోనే 169 మంది మీద జరిగి 2015లో వెలువడిన పరిశీలనలో, ఆపరేషన్‌నూ, క్రమబద్ధంగా నేర్పిన ఫిజియోథెరపీనీ పోల్చితే రెండేళ్లకు రెండూ సమానంగా తేలాయి. అయితే ఫిజియోథెరపీ వర్గంలో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్ వైపు వెళ్లిపోయారని కూడా చెప్పాలి. వెన్నెముక పరిశీలనలన్నింటికీ ఉన్న చిక్కే ఇది. అమెరికాలోని 13 కేంద్రాల్లో జరిగిన స్పోర్ట్ అనే పెద్ద పరిశీలనలో కూడా, డిస్క్ రోగుల్లో చీటీల లెక్కన ఆపరేషన్ వర్గంలో పడినవారిలో రెండేళ్లకు 60 శాతమే చేయించుకున్నారు. ఆపరేషన్ లేని వర్గంలో పడినవారిలో 45 శాతం చేయించుకున్నారు. నొప్పి ఉన్న మనిషి చీటీలో ఏం వచ్చిందో చూసుకుని కూర్చోడు కదా!

స్టెనోసిస్‌కు నేను పెట్టుకున్న కొలత నడక. కూర్చోకుండా ఎంత దూరం నడవగలరు, ఆ దూరం నెలనెలకూ తగ్గుతోందా? బజారు దాకా వెళ్లేవారు వీధి చివరకు, అక్కడి నుంచి గుమ్మానికి వచ్చేశారంటే నరాలకు చోటు చేసే ఆపరేషన్ గురించి తీరిగ్గా కాదు, త్వరగా మాట్లాడుకోవాలి.

ఇందులో ఒక ఉపప్రశ్న ఉంది: రాడ్లు, స్క్రూలు. ఎముకను కొంత తొలచి నరాలకు చోటు చేయడం ఒక ఎత్తు, పూసలను స్క్రూలతో బిగించి ఒకటిగా అతికించడం మరో ఎత్తు. రెండోది పెద్ద ఆపరేషన్, ఖర్చూ పెద్దదే. 2016లో స్వీడన్‌లో 247 మంది మీద జరిగిన పరిశీలన, వట్టిగా చోటు చేయడం కంటే బిగించడం అదనంగా ఏమీ ఇవ్వలేదని చూపించింది. పూస కాస్త ముందుకు జారినవారికైనా బిగించక తప్పదు కదా అనుకునేవాళ్లం. 2021లో నార్వేలో అలాంటి 267 మందిని చూస్తే, రెండేళ్లకు తగినంత మేలు పొందినవారు బిగించని వర్గంలో 71.4 శాతం, బిగించిన వర్గంలో 72.9 శాతం. బిగించక తప్పని వెన్నులు ఉన్నాయి: కదిలినప్పుడల్లా పూస జారేవి, వెన్ను బాగా వంకరపోయినవి. మీ వెన్ను ఆ కోవలోదా అని అడిగే హక్కు మీకుంది. అడగండి, ఏ డాక్టరూ ఏమీ అనుకోరు. అనుకుంటే మరో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒక్క మాట పక్కదారి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో లిగమెంట్లే ఎముకలా గట్టిపడి వెన్ను నాళాన్ని మూసేస్తాయి. అది వయసు తెచ్చే అరుగుదల కాదు, నడుము దగ్గరే ఆగదు కూడా. మెడలోనూ వీపులోనూ వెన్నుపామునే నొక్కుతుంది. అక్కడ స్టిరాయిడ్ సూదితో ఏ పనీ జరగదు. ఆ ప్రాంతాల నుంచి వచ్చినవారు నడుము ఎమ్మారై ఒక్కటి తీయించుకుని ఊరుకోకండి.

మూడోది, కాలికి పాకని వట్టి నడుము నొప్పి. దీని గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే చెప్పుకోదగ్గ శుభవార్త లేదు. ఎమ్మారై రిపోర్టులో "డిస్క్ అరిగింది" అని ఉంటుంది. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను పరిశీలించిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నొప్పి లేనివారిలో! కనుక అరుగుదల కనబడింది కాబట్టి నొప్పి అక్కడి నుంచే వస్తోందని అనుకోవడానికి వీల్లేదు. వెనక కీళ్ల నరాలను వేడితో కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స, నెదర్లాండ్స్‌లో 2017లో వెలువడిన పరిశీలనల్లో, వ్యాయామంతో పోలిస్తే చెప్పుకోదగ్గ అదనపు మేలు చూపలేదు. స్క్రూలు బిగించే ఆపరేషన్‌ను బ్రిటన్‌లో 349 మంది మీద గట్టి వ్యాయామ శిక్షణతో పోల్చితే, 2005లో ఆపరేషన్‌కు స్పష్టమైన ఆధిక్యం కనబడలేదు. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి ఇలాంటి ఇంజెక్షన్లు దాదాపు వేటినీ సిఫారసు చేయలేదు. కాలికి పాకే దీర్ఘకాలపు నొప్పికి ఎపిడ్యూరల్ కూడా వద్దన్నారు. నొప్పి వైద్య నిపుణులు దీన్ని గట్టిగా ప్రతిఘటించారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. నడక, వీపు కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, ఇవి ఆకర్షణీయంగా లేవని నాకూ తెలుసు.

ప్రమాదాల సంగతి. ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన ఇళ్లలో పాతుకుపోయింది. వెన్నుపాము నడుము మొదటి పూస దగ్గరే ముగిసిపోతుంది. మేము డిస్క్ తీసేది దానికి చాలా కింద, విడివిడి నరాలు ఉండే చోట. ఒక నరం దెబ్బతిని పాదం బలహీనపడే అవకాశం కొద్దిగా ఉంటుంది, రెండు కాళ్లూ చచ్చుబడటం అత్యంత అరుదు. నరాల సంచికి చిల్లు పడటం, చీము పట్టడం, అదే చోట డిస్క్ మళ్లీ జారడం, ఇవీ మేము నిజంగా భయపడేవి. ఇటు ఇంజెక్షన్ పూర్తిగా నిరపాయమా? కాదు. వెన్నుపాముకు రక్తం తీసుకెళ్లే సన్నని నాళంలోకి రేణువులున్న స్టిరాయిడ్ పోతే పక్షవాతం రావచ్చు. అరుదు, కానీ జరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరిక జారీ చేసింది. అందుకే చాలామంది రేణువులు లేని డెక్సామెథసోన్ వాడుతున్నారు. 2012లో అమెరికాలో ఒక ఔషధ తయారీ కేంద్రం నుంచి వచ్చిన స్టిరాయిడ్ సీసాల్లో బూజు చేరి, 750 మందికి పైగా జబ్బు పడ్డారు, 64 మంది చనిపోయారు. సూది చిన్నదని చిన్నచూపు వద్దు.

ఇంజెక్షనూ కాదు, ఓపికా కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన సందర్భం ఒకటుంది. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారడం. ఇది గంటల లెక్క, రోజుల లెక్క కాదు. మరొకటి, పాదం పైకి లేవకపోవడం. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు, వెనక్కి తిరిగి చూస్తే చెప్పు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అది మొదలైతే ఇంజెక్షన్‌తో కాలయాపన చేయకండి.

మాస్టారు చేయి ఎత్తారు, చెప్పండి. ఆయన ప్రశ్న అందరికీ వినబడలేదేమో, నేను మళ్లీ చెబుతాను. ఆయనకు షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేసి రక్తం పలచబడే మాత్రలు ఇస్తున్నారు. ఆపరేషన్ వద్దులే అని ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నారు, ఇది ఆయనకు సురక్షితమేనా అంటున్నారు. మాస్టారూ, స్టిరాయిడ్ తర్వాత కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది. ఇంట్లో మిషన్ ఉంటే రోజుకు రెండు మూడు సార్లు చూసుకోండి. ఇన్సులిన్ మోతాదు మార్చాలేమో మీ షుగర్ డాక్టరును ముందే అడగండి. క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు సాధారణంగా వారం ముందు ఆపమంటారు, లేకపోతే సూది పొడిచిన చోట రక్తం గడ్డకట్టి నరాలను నొక్కవచ్చు. కానీ ఆపితే స్టెంట్‌కు ముప్పు. కనుక మీ గుండె డాక్టరు రాసి ఇవ్వనిదే ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు ఆపవద్దు. స్టెంట్ వేసి ఏడాది లోపే అయితే ఇంజెక్షన్‌నే వాయిదా వేయడం మేలు. ఇంజెక్షన్ ఇచ్చాక ఒకవేళ ఆపరేషన్ అవసరమైతే, ముఖ్యంగా స్క్రూలు బిగించేదైతే, కనీసం నెల రోజులు ఆగడం మంచిది. ఆ లోపు చేస్తే చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఇంకొకటి, ఇంజెక్షన్ ఇచ్చిన రోజు సాయంత్రం మీకు బ్రహ్మాండంగా ఉంటుంది, అది మత్తు మందు ప్రభావం. మర్నాడు నొప్పి తిరిగి వస్తుంది, ఒక్కోసారి ఎక్కువగానే వస్తుంది. ఫెయిలైందని ఆ రోజే ఫోన్ చేయకండి. స్టిరాయిడ్ పని మొదలుపెట్టడానికి రెండు రోజుల నుంచి వారం దాకా పడుతుంది. ఆ వారంలో రోజూ ఎంత దూరం నడిచారో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో ఒక చీటీ మీద రాసి పెట్టుకుని, మళ్లీ వచ్చేటప్పుడు డాక్టరుకు చూపించండి.